మహాబల్లి వారసులు

మా పక్కింటి ఆదెమ్మత్త చెప్పిన మాట ఇది. ఆమెకు పాలుపోసే వెంగమ్మ చెప్పిందట. వెంగమ్మకు మండలాఫీసు ముందు టీకొట్టు పెట్టుకున్న మరిది చెప్పాడట. ఊళ్ళో ఉన్న రాక్షసుల సంతానమంతా సోమవారం పొద్దున్నే ఆధార్ కార్డులు పట్టుకుని ఆఫీసుకి రావాలట. రానివాళ్ళ రాక్షసత్వం రద్దయిపోతుందట.

"రాక్షసులెవరత్తా మనూళ్ళో?" అన్నాను.

"నేనూ అదే అడిగా. మీ మావ తరఫోళ్ళను పిలిచారేమోనని. పిలవలేదంట," అని ఆదెమ్మత్త మూతి మూడు వంకర్లు తిప్పింది. "పిలవకపోవడానికి వాళ్ళకేం తక్కువబ్బాయ్?"

ఆదెమ్మత్త మాటల్లో సగం తీసేసి, మిగిలిన దాంట్లో సగం నమ్మడం మా వీధి ఆచారం. ఈసారి మాత్రం తీసెయ్యడానికేమీ లేకపోయింది. మొత్తం నిజమే.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. మా గుండ్లమిట్టలో ఒకప్పుడు డేరా సినిమా ఉండేది. తెలుగు సినిమాలకు మద్రాసు నుంచి అచ్చు పోస్టర్లు వచ్చేవి. దొరల దేశపు రాక్షసుల సినిమాలకు మాత్రం అరిగిపోయిన రీళ్ళ పెట్టె తప్ప ఏమీ వచ్చేది కాదు. అదైనా ఆట మొదలయ్యే వేళకు బస్సు టాపు మీంచి దిగేది. అందుకని వాటి పోస్టర్లు ఊళ్ళోనే తయారుకావాలి. పాత పేపర్లను మైదాజిగురుతో ఒకదానిమీదొకటి అంటించి, అట్టలా ఎండబెట్టి, బంకలో కలిపిన పొడిరంగులతో దాని మీద బొమ్మలు వేసేవాడు షేక్ దస్తగిరి. రాక్షసుడెలా ఉంటాడో ఆయనకు ఎవరూ చూపించేవాళ్ళు కాదు. డేరా యజమాని కోటిలింగం గారు పోస్టాఫీసుకు పోయి ట్రంకాల్ చేస్తే, అవతలి నుంచి డిస్ట్రిబ్యూటరు గుమాస్తా ఒక్క ముక్క చెప్పి పెట్టేసేవాడు. "బల్లి. పెద్దది. ఊళ్ళు తింటది." అంతే. మిగతాది దస్తగిరి చూసుకోవాలి.

చూసుకోవడానికి ఆయనకో పద్ధతి ఉంది. భయమనేది బయటినుంచి తెప్పించుకునే సరుకు కాదని ఆయన సిద్ధాంతం. ఏ ఊరి భయం ఆ ఊళ్ళోనే దొరుకుతుంది. టీకొట్టు బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూసేవాడు. మొదట్లో మొహం మొత్తం ఒకరిదే తీసుకునేవాడు. అలా వేసిన తొలి రాక్షసుడికి మునసబు పేరయ్యగారి మొహం వచ్చింది. దస్తగిరి మీదికి పంచాయితీ వచ్చింది.

"ఆ రోజు బుద్ధొచ్చింది అల్లుడూ," అంటాడు నాతో ఇప్పటికీ, వరస కలిపి. "రాక్షసత్వమంతా ఒక్కడి నెత్తినే రుద్దకూడదు. ఊరంతా పంచాల."

అప్పటినుంచి పంచడం మొదలుపెట్టాడు. 'నరభక్షక మహాబల్లి' అనే సినిమా వచ్చినప్పుడు ఆ బల్లికి మునసబు గారి కళ్ళు, చిల్లరకొట్టు తిరుపాలు పళ్ళు, బడిపంతులు సోమసుందరం గారి చెవులు పెట్టాడు. బల్లికి చెవులేమిటని అడగకూడదు. సోమసుందరం గారి చెవులు చూసినవాడెవడూ వాటిని వృథాగా పోనివ్వడు. కింద పెద్ద అక్షరాలతో "గుండెజబ్బు గలవారు వెనక వరసలో కూర్చోగలరు" అని రాశాడు.

కళ్ళు మాత్రమే వేసినా మునసబు గారు పోల్చుకున్నారు. శిస్తు వసూలుకు బయల్దేరేటప్పుడు అద్దంలో రోజూ చూసుకునే కళ్ళే కదా. మళ్ళీ పంచాయితీ. తీర్పు ప్రకారం దస్తగిరి మహాబల్లికి నల్లకళ్ళజోడు పెట్టాడు. కళ్ళజోడు పెట్టుకున్న బల్లిని చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. జనం చాల్లెమ్మనేదాకా సినిమా ఆడి, డేరాలోంచి పోయేరోజు దస్తగిరి ఆ కళ్ళజోడు చెరిపేశాడు. తొలి ఆట నాడు తీరా తెరమీద చూస్తే ఆ సినిమాలో బల్లే లేదు. ఎండ్రకాయ ఉంది. గుమాస్తా ఏ సినిమా గురించి చెప్పాడో ఏమో! ఎండ్రకాయ ఊరంతా తిని సముద్రంలోకి పోయాక, దీపాలు వెలిగిన తర్వాత కూడా మావాళ్ళు లేవకుండా కూర్చున్నారట, బల్లి ఎప్పుడొస్తుందని.

ఆ పోస్టరు ఒక్కటే మిగిలింది. దస్తగిరి భార్య మస్తాన్‌బీ దాన్ని చుట్టచుట్టి బియ్యం డబ్బా వెనక నిలబెట్టింది. ఆ డబ్బా జోలికి ఈనాటిదాకా ఒక్క ఎలక రాలేదని ఆమె ఖురాను మీద ప్రమాణం చేసి చెబుతుంది.

ఇంతలో పట్నంలో కొత్త మోజు పుట్టింది. పాత రాక్షసుల పోస్టర్లు సంపాదించి ముందుగదుల్లో తగిలించుకోవడం. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు సోఫా వెనక గోడమీద కొండముచ్చు కనబడకపోతే కుటుంబానికి అభిరుచి లేదని లేచిపోయేదాకా వచ్చింది. జనానికి ఒక మోజు పుట్టాక దానికి ప్రభుత్వంలో ఒక శాఖ పుట్టకుండా ఉండదు. 'భీకర దృశ్య వారసత్వ పరిరక్షణ మండలి' పుట్టింది. పుట్టగానే దానికొక డైరెక్టరు, డైరెక్టరుకొక జీపు, జీపుకొక డ్రైవరు పుట్టారు. ఆ జీపు ఒకరోజు దస్తగిరి ఇంటి ముందు ఆగింది.

డైరెక్టరు పరాంకుశం గారు పోస్టరు ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"ఈ కళాఖండాన్ని నగరంలోని మా ప్రదర్శనశాలకు స్వీకరించడానికి మండలి సూత్రప్రాయంగా అంగీకరిస్తున్నది," అన్నారు.

"సూత్రాలూ దారాలూ ఆగవయ్యా దానికి. మేకులు కొట్టించండి. బరువు," అంది మస్తాన్‌బీ.

దస్తగిరి మామ బట్టతలకు టోపీ సర్దుకుని ఒకే ఒక్కటి అడిగాడు. "బొమ్మకింద నా పేరు రాపిస్తారా సార్? ఎప్పుడూ రాయనియ్యలా."

అది నిజమే. ఆయన వేసిన బొమ్మలు వందల మీద ఉంటాయి. ఒక్కదానిమీదా పేరు లేదు. పేరు చూస్తే రాక్షసుణ్ణి మనిషే గీశాడని జనానికి గుర్తొస్తుందనీ, గుర్తొస్తే భయపడరనీ, భయపడకపోతే డేరా ఎత్తెయ్యాలనీ కోటిలింగం గారి వాదన. దస్తగిరి ఎదురుచెప్పలేదు. బొమ్మ కింద ఎడమ మూల మాత్రం జానెడు జాగా ఎప్పుడూ ఖాళీగా వదిలేవాడు. కోటిలింగం గారు ఆ జాగాలో "నేల టిక్కెట్టు కలదు" అని రాయించేవారు.

"తప్పకుండా," అన్నారు పరాంకుశం గారు. "నిబంధనలకు లోబడి."

ఆ తర్వాత కళ్ళద్దాలు పైకి నెట్టుకుని బొమ్మ దగ్గరికి వంగారు. "ఈ వ్యక్తి ఎవరు?"

"వ్యక్తి కాదు సార్, బల్లి."

"కళ్ళలో ఏదో మానవ ఛాయ గోచరిస్తోంది."

మామకు అలాంటి మెప్పు జీవితంలో దొరకలేదు. పొంగిపోయాడు. "గోచరిస్తదా సార్? మా మునసబు పేరయ్యగారివి. పళ్ళు చూశారా, తిరుపాలువి. ఆ చెవులు..."

డైరెక్టరు గారి మొహం వాడిపోయింది. చేతిసంచీలోంచి ఒక బరువైన పుస్తకం తీసి, వెతికి, వేలు పెట్టి చదివారు. మండలి ప్రదర్శించు ఏ చిత్రమునందైనను మానవమాత్రుని పోలిక గలదేని, సదరు మానవుని లేదా ఆయన చట్టబద్ధ వారసుల నిరభ్యంతర పత్రము జతపరచవలెను.

"ఇది మహనీయుల చిత్రపటాల నిమిత్తం ఏర్పరచిన నిబంధన," అన్నారాయన విచారంగా. "కానీ ఇందులో బల్లులకు మినహాయింపు లేదు."

వారసుల్ని వెతికే పని వీఆర్వో ఎలీషా మీద పడింది. ఎలీషా మంచివాడు. మంచివాడు కాబట్టే అలాంటి పనులన్నీ అతని మీదే పడతాయి. మొదట మునసబు గారి మనవడు భాస్కరం ఇంటికి పోయాడు. భాస్కరం మా ఊళ్ళో ఎరువులకొట్టు నడుపుతూ, వచ్చే ఎన్నికల్లో నిలబడదామా వద్దా అని పదేళ్ళుగా ఆలోచిస్తున్న మనిషి.

"ఏం లేదు భాస్కరన్నా," అన్నాడట ఎలీషా. "మీ తాత రాక్షసుడని ఒప్పుకుంటా, అందుకు మాకేం అభ్యంతరం లేదని ఒక్క సంతకం పెడితే..."

భాస్కరం కుక్కను వదిలాడు.

ఎలీషా పిక్క మీద కట్టు కట్టించుకుని రెండోసారి పోయాడు. ఈసారి గేటు బయటినుంచే మాట్లాడాడు. వారసుల పేర్లను ఇత్తడి ఫలకం మీద చెక్కి నగరంలో పోస్టరు కింద బిగిస్తారనీ, మంత్రిగారు వస్తారనీ, పేపర్లో ఫొటోలు పడతాయనీ చెప్పాడు. భాస్కరం కుక్కను కట్టేశాడు.

"కళ్ళు ఒక్కటే ఏందిరా ఎలీషా?" అన్నాడు. "మా తాత మొత్తం రాక్షసుడే. ఊళ్ళో ఎవరినన్నా అడుగు. ఎవరో పళ్ళోళ్ళకీ చెవులోళ్ళకీ వాటా ఎందుకు ఇయ్యాల?"

ఈ మాట ఊళ్ళోకి పాకింది. అంతవరకూ మా ఊళ్ళో రాక్షసుడంటే తిట్టు. ఆ వారం నుంచి హోదా. బస్సులో సీటు కోసం తగాదా పడినవాళ్ళు కూడా "మేమెవరిమో తెలుసా? మా పెదనాన్న గోళ్ళు ఆ బొమ్మలో ఉండాయి" అనడం మొదలుపెట్టారు. అత్తలను కోడళ్ళు పొగిడారు. "మా అత్త జుట్టే అది. చూస్తే తెలవట్లా?" అని ముగ్గురు కోడళ్ళు ముగ్గురత్తల తరఫున అర్జీలు పెట్టారు. బల్లికి జుట్టు లేదు.

అందుకే సోమవారం నాడు మండలాఫీసులో రాక్షస వారసత్వ నిర్ధారణ శిబిరం పెట్టారు. ఆదెమ్మత్త చెప్పింది దాని గురించే. దస్తగిరి మామ నన్ను కూడా తీసుకుపోయాడు. బి.ఏ. చదివాను కాబట్టి ఆఫీసు భాష నాకు అర్థమవుతుందని ఆయన భ్రమ.

ఆవరణలో షామియానా వేశారు. కళ్ళకొక బల్ల, పళ్ళకొక బల్ల, చెవులకొక బల్ల, మిగతా భాగాలకన్నిటికీ కలిపి ఒక బల్ల. పోస్టరును వేపచెట్టుకు ఆనించి పెట్టారు. దానికి ఎదురుగా వచ్చిన గేదె ఒకటి వెనక్కి తిరిగి పోయింది.

పళ్ళ బల్ల దగ్గర తిరుపాలు కూతురు కనకరత్నం అందరికన్నా ముందు నిలబడింది. పళ్ళ డాక్టరు మా మండలంలో లేడు గనక పశువుల డాక్టరు వచ్చాడు. ఆయన తన అలవాటు ప్రకారం కనకరత్నం గడ్డం పట్టుకుని పైకెత్తి, పెదవి ఎత్తి, లోపలికి చూసి, కాగితం మీద "వయసు ఐదేళ్ళు, ఆరోగ్యం బాగున్నది" అని రాశాడు.

"అరవై దాటినయ్యి నాకు!" అంది కనకరత్నం.

"పళ్ళు అట్టా చెప్పట్లేదమ్మా," అన్నాడు డాక్టరు. కనకరత్నం ఆ కాగితాన్ని ఇప్పటికీ దాచుకుంది.

చిక్కు ఆమె తమ్ముడు గురవయ్యతో వచ్చింది. వారసత్వ చట్టం ప్రకారం తండ్రి పళ్ళలో కొడుకుకూ కూతురుకూ సమాన వాటా ఉండాలి. పరాంకుశం గారు బల్ల మీద నిలబడి తీర్పు చెప్పారు. "ఎగువ దంతపంక్తి శ్రీమతి కనకరత్నం గారికి, దిగువ దంతపంక్తి శ్రీ గురవయ్య గారికి సంక్రమించును. కోరలు ఉభయులకూ ఉమ్మడి."

"కోరలు నాకే రావాల," అన్నాడు గురవయ్య. "నాయన్ని చివరిదాకా చూసింది నేను."

"చూశావులే. మంచాన పడ్డాక మురుకులు పెట్టినోడివి నువ్వే కదంట్రా!" అంది అక్క.

కళ్ళ బల్ల దగ్గర పరీక్ష ఇంకా కట్టుదిట్టంగా పెట్టారు. పోలిక ఒక్కటే చాలదనీ, ప్రభావం కూడా వారసత్వంగా వచ్చి ఉండాలనీ డైరెక్టరు గారి అభిప్రాయం. అందుకని అంగన్‌వాడీ నుంచి ఒక పసిపిల్లను తెప్పించారు. వారసుడు చూడగానే పిల్ల ఏడవాలి. భాస్కరం వచ్చి కూర్చుని, కనుగుడ్లు ఊడిపడేలా చూశాడు. పిల్ల కిలకిలా నవ్వి అతని మీసం పట్టుకుంది.

"కొంచెం టైమివ్వండి," అన్నాడు భాస్కరం చెమటలు కక్కుతూ. "తాత కూడా పొద్దున పూట ఇంత తీక్షణంగా ఉండేవాడు కాదంట."

అంతలో తాసిల్దారు గారు జీపు దిగి ఇటు నడిచారు. ఆయన్ని చూడ్డంతోటే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఎలీషా మెల్లగా డైరెక్టరు గారి చెవిలో, "ఈయన పేరు రాయమంటారా సార్?" అన్నాడు.

"స్థానికేతరుడు," అన్నారు పరాంకుశం గారు గొంతు తగ్గించి. "అర్హత లేదు. శ్రీ భాస్కరం గారి సమక్షంలోనే బాలిక ఏడ్చినట్టు నమోదు చెయ్యండి."

ఆఖరికి దండోరా వేసే సింగన్న కొడుకు మోషే వచ్చాడు. బల్లి నోట్లోంచి వచ్చే అరుపు వాళ్ళ నాయనదని అతని వాదన. పోస్టరులో అరుపు కనపడదని అధికారులన్నారు.

"నోరు తెరిచుందా లేదా?" అన్నాడు మోషే. "తెరిచింది ఆవలించడానికా? అందులోంచి ఏదో రావాలిగా. ఊళ్ళో మా నాయన కాకుండా అట్టా అరిచినోడెవడు?"

అధికారులు నిబంధనల పుస్తకం తిరగేశారు. చివరికి అరుపును తాత్కాలిక ప్రాతిపదికన చేర్చుకుని, శబ్దశాఖ అభిప్రాయం కోసం రాశారు. శబ్దశాఖ అనేది ఉందో లేదో మాకు ఈరోజుకీ తెలియదు.

సాయంత్రానికి 'మహాబల్లి వారసుల సంక్షేమ సంఘం' ఏర్పడింది. భాస్కరం అధ్యక్షుడు. మర్నాటికి సంఘం పై దవడ వర్గం, కింది దవడ వర్గం అని రెండుగా చీలింది. కింది దవడ కదలకపోతే పై దవడ ఏం నమలగలదని గురవయ్య సభ పెట్టి అడిగాడు. చెవులవాళ్ళు ఎటూ చేరక ఇద్దరూ చెప్పిందీ విన్నారు.

ఈ సందట్లో దస్తగిరి మామ పొద్దున్నుంచీ వేపచెట్టు కిందే నిలబడి ఉన్నాడు. బల్లలన్నీ ఎత్తేసే వేళకు డైరెక్టరు గారి ముందుకొచ్చాడు. నేను పక్కన నిలబడ్డాను.

"సార్, నా పేరు ఏ బల్ల కాడ రాపించుకోవాల?"

"మీకూ రాక్షసుడికీ ఏమిటి సంబంధం?"

"మీరు మా ఇంటికొచ్చారుగా సార్. నేను గీశా."

"అది వృత్తి సంబంధం," అన్నారు పరాంకుశం గారు. కోపంగా కాదు, ఓపిగ్గానే అన్నారు. "ఫలకం మీద చోటు రక్తసంబంధీకులకు మాత్రమే."

"రంగు నేనే కలిపా సార్."

"రంగు పదార్థం. పదార్థాలు స్టోర్సు విభాగం కిందికి వస్తాయి."

"మరి పేరు రాపిత్తానన్నారు."

"నిబంధనలకు లోబడి అన్నాను," అన్నారాయన. నిజమే, అన్నారు.

నేను అర్జీ రాశాను. బొమ్మ వేసినవాడు లేకపోతే బొమ్మ ఎలా వచ్చిందని అడిగాను. ఆఫీసు భాషలో అడిగితే వింటారేమోనని "సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా" అని కూడా పెట్టాను. జవాబు వచ్చింది. శ్రీ షేక్ దస్తగిరి గారి ఉనికి పట్ల మండలికి ఎట్టి అభ్యంతరమూ లేదనీ, అయితే ఆయన ముఖం గానీ, ముఖభాగం గానీ చిత్రంలో కనబడనందున ఆయనను సదరు రాక్షసునికి చెందినవానిగా పరిగణించజాలమనీ అందులో ఉంది. మామకు చదివి వినిపించాను. ఆయన అరుగు మీద కూర్చుని కాసేపు అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నా మొగం ఏసుకున్నా బాగుండేది," అన్నాడు. "ఎవరూ భయపడరని ఏసుకోలా."

ఆ బాధ చూసి ఎలీషా ఊరుకోలేకపోయాడు. రెండు రోజులు ఆలోచించి, మూడోనాడు పొద్దున సైకిలేసుకుని దస్తగిరి ఇంటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"బాబాయ్, తోక ఖాళీగా ఉంది!"

"ఏందీ?"

"తోక. కళ్ళు, పళ్ళు, చెవులు, గోళ్ళు, పొట్ట, మెడమీది మడత కూడా అయిపోయినయ్. తోకకి మాత్రం ఎవరూ రాలా. మా తాతకు తోకుందని ఎవరు రాసిస్తారు? ఫలకం మీద ఒక గడి మిగిలిపోయింది. ఖాళీగా వదలగూడదని డైరెక్టరు గారు గింజుకుంటన్నాడు. నువ్వు తీసుకో బాబాయ్."

తోకకు అసలు నమూనా ఎవరని నేను అడిగాను.

"చేలో కనపడ్డ ఉడుము, అల్లుడూ," అన్నాడు మామ.

"ఉడుముకి వారసులు రారు," అన్నాడు ఎలీషా. "నేను కనుక్కున్నా."

మస్తాన్‌బీ చేతిలో చేట అట్లాగే ఆగిపోయింది. "యాభై ఏళ్ళు కాపరం జేశా ఈ మనిషితో," అంది. "తోకుందని ఒక్కనాడన్నా చెప్పావా? అది పెట్టుకుని నా దగ్గర ఎంత అమాయకంగా ఉండావయ్యా!"

"నువ్వూరుకో," అన్నాడు దస్తగిరి.

"ఊరుకుంటా. రేపు మన పిల్లల్ని కూడా తోకోళ్ళు అంటారు. అప్పుడు నువ్వూరుకో."

ఆయన ఎలీషా వైపు తిరిగాడు. "పేరు పడుద్దా?"

"ఇత్తడి మీద చెక్కుతారు బాబాయ్. సున్నం కొట్టినా పోదు, వానొచ్చినా పోదు."

ఈ ఒక్కటి తప్ప మామ వేసిన బొమ్మలన్నీ వానకు పోయినవే. తోక తమ వంశానికి చెందినదేనని రాసిన కాగితం మీద, రంగు డబ్బాల మీద రాసుకునే గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు. నిబంధన ప్రకారం వైద్య పరీక్ష కూడా జరిగింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు తలుపు మూసి, పరీక్షించి, "ప్రస్తుతం లేదు" అని రాసిచ్చాడు. పూర్వం లేదని రాయలేదు గనక మండలి అంగీకరించింది.

ఇదంతా నగరం చేరేలోపల పరాంకుశం గారికి పశుసంవర్ధక శాఖకు బదిలీ అయింది. ఆయన స్థానంలో వచ్చిన కొత్త డైరెక్టరు గారు ఫైలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారట. అలా చదివే అధికారి అరుదని ఎలీషా మెచ్చుకున్నాడు. ఆ ఫైల్లో కళ్ళున్నాయి, పళ్ళున్నాయి, పిల్ల ఏడుపు కూడా ఉంది. నా అర్జీ ఒక్కటి మాత్రం స్టోర్సు ఫైల్లో పడిందట.

ప్రారంభోత్సవానికి ఊరంతా రెండు బస్సుల్లో బయల్దేరింది. పై దవడ వర్గం ఒక బస్సు, కింది దవడ వర్గం ఒక బస్సు. మేం కింది దవడలో ఎక్కాం. మస్తాన్‌బీ మొగుడికి పెళ్ళినాటి షేర్వాణీ ఇస్త్రీ చేయించింది. ఎవరన్నా తోక గురించి అడిగితే జవాబు చెప్పొద్దని దారి పొడుగునా హెచ్చరించింది.

ప్రదర్శనశాల చలువరాయి పరిచిన పెద్ద హాలు. కుర్చీల మీద కాగితాలు అంటించారు. వారసుల్ని శరీరక్రమం ప్రకారం కూర్చోబెట్టమని ఉత్తర్వు. ముందు వరస మధ్యలో కళ్ళు. వాటి కింద పళ్ళు, కోరల దగ్గర అక్కాతమ్ముళ్ళకు కలిపి ఒకటే కుర్చీ. చెవులు హాలుకు ఈ కొసా ఆ కొసా. అరుపు ముందు మైకు పెట్టారు గానీ శబ్దశాఖ జవాబు రానందున కనెక్షను ఇవ్వలేదు. తోక కుర్చీ వెనక వరసలు కూడా దాటిపోయి, స్తంభం పక్కన, మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర ఉంది. నేను వారసుణ్ణి కాను గనక డ్రమ్ముకు ఆనుకుని నిలబడ్డాను.

మంత్రిగారు తాడు లాగారు. తెర పక్కకు పోయింది.

మా ఊరి వేపచెట్టు కింద అది పోస్టరు. ఇక్కడ, దీపాల కింద, నిలువెత్తు మహాబల్లి గోడ చీల్చుకుని బయటికొస్తున్నట్టుంది. మునసబు గారి కళ్ళు ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పిలుస్తున్నాయి. మంత్రిగారి వెనకున్న కానిస్టేబులు అడుగు వెనక్కి వేశాడు. ముందు వరసలో భాస్కరం తల దించుకున్నాడు. దస్తగిరి మామ మాత్రం మెడ చాచి, ఎడమ మూల కేసి చూస్తున్నాడు. అక్కడ "నేల టిక్కెట్టు కలదు" అని ఉంది. దాని కింద మంచమంత ఇత్తడి ఫలకం.

"పడిందా అల్లుడూ? నాకు ఆనట్లా," అన్నాడు.

"పడింది మామా. అట్టడుగున. తోక, షేక్ దస్తగిరి."

"అచ్చరాలు ఎట్టా ఉండయ్?"

"బాగున్నాయి."

కొత్త డైరెక్టరు గారు మైకు ముందుకొచ్చారు. కళ్ళ వంశాన్ని, పళ్ళ వంశాన్ని, చెవుల వంశాన్ని పేరుపేరునా పొగిడారు. తోక వంశం వారి నిరాడంబరతను ప్రత్యేకంగా ప్రస్తావించారు. అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అయితే ఈ శుభసందర్భంలో ఒక లోటు మనల్ని కలచివేస్తోంది. ఇంతటి మహాద్భుతాన్ని సృష్టించిన ఆ అజ్ఞాత చిత్రకారుడెవరో చరిత్ర మనకు చెప్పలేదు. ఫైలు కూడా చెప్పలేదు. ఆ మహానుభావుడు నేడు మన మధ్య ఉండి ఉంటే ఎంత బాగుండేది! ఆయన ఏ లోకాన ఉన్నా ఆయన ఆత్మకు శాంతి చేకూరాలని కోరుతూ, అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

అందరూ లేచారు. కళ్ళు లేచాయి, పళ్ళు లేచాయి. అక్కాతమ్ముళ్ళు ఒకే కుర్చీలోంచి ఒకరినొకరు తోసుకుంటూ లేచారు. మోషే నోరు మూసుకుని నిలబడ్డాడు. మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. అందరూ లేచారు గదా అని దస్తగిరి మామ కూడా లేచి, షేర్వాణీ సర్దుకుని, చేతులు కట్టుకుని తల వంచాడు. అప్పుడు నెమ్మదిగా తలెత్తి, నావైపు చూసి, స్తంభం చాటునుంచి ఒక అడుగు ఇవతలికి వేశాడు. చెయ్యి పైకెత్తాడు.

"నేనింకా సావలా సార్," అన్నాడు. "తోక కాడ ఉండా."